అయిదు పోగుల ఫ్యూజు: పాతింటి వైరింగ్ పని డైరీ

డిసెంబరు 28

దేవరకొండ దగ్గర మా ఊళ్లో నాన్న 1986లో కట్టించిన ఇంటికి పూర్తిగా కొత్త వైరింగ్ చేయించాలని నిర్ణయించుకుని, ఈ రోజు మెయిన్ బోర్డు విప్పడంతో పని మొదలుపెట్టాము. నీళ్లు కాచే హీటరు పెట్టినప్పుడల్లా వంటింటి బోర్డు దగ్గర కమురు వాసన వస్తోందని అమ్మ దసరా నుంచి చెబుతూనే ఉంది. ఫ్యూజు పోలేదు కదా, పెద్ద లోపమేమీ ఉండదులే అని నేను ఫోనులో సర్దిచెబుతూ వచ్చాను. ఆ మాట ఎంత తెలివితక్కువదో బోర్డు విప్పిన పది నిమిషాల్లోనే తెలిసింది.

పని చేసేది లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్. నాన్నకు పాత పరిచయస్థుడు, అరవై దాటినవాడు. నేను అన్నా అని పిలుస్తాను. కొలతలు తీయడం, లెక్కలు వేయడం, పైపులు మోయడం, ఈ డైరీ రాయడం నా వంతు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగనూ, మీటరునూ, దాని సీలునూ విద్యుత్ సంస్థ సిబ్బంది తప్ప మరెవరూ ముట్టకూడదు కాబట్టి మా పని మీటరు దాటిన తర్వాతే మొదలవుతుంది.

మీటరు పక్కన చెక్క పలక మీద రెండు తెల్లటి పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉన్నాయి. మొదటి దాన్ని పీకి చూస్తే, సన్నటి ఫ్యూజు తీగ ఉండవలసిన చోట, ఏదో మిగిలిపోయిన తీగ నుంచి తీసిన అయిదు రాగి పోగులు మెలిపెట్టి బిగించి ఉన్నాయి. "ముప్పై ఏండ్ల సంది ఫ్యూజు పోలేదంటే మంచిగున్నట్టు కాదు తమ్మీ, పోకుండ గట్టిగ కట్టిన్రన్నట్టు" అన్నాడు అన్న.

మైక్రోమీటరుతో కొలిస్తే ఒక్కో పోగు మందం 0.3 మిల్లీమీటర్లు ఉంది. రాగి తీగ ఎంత కరెంటుకు కరుగుతుందో చెప్పే ఒక లెక్కను విలియం ప్రీస్ అనే బ్రిటిష్ టెలిగ్రాఫ్ ఇంజనీరు 1880లలో తేల్చాడు. తీగ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 80తో గుణిస్తే కరిగే కరెంటు సుమారుగా ఆంపియర్లలో వస్తుంది. ఆ లెక్కన ఒక పోగుకు 13 ఆంపియర్లు, విడివిడిగా ఉన్న అయిదు పోగులకు 65 ఆంపియర్లు. మెలిపెట్టినప్పుడు వేడి బయటికి పోయే చోటు తగ్గుతుంది కాబట్టి అంతకంటే కొంత తక్కువకే కరుగుతాయి. ఎంత తగ్గించి చూసినా 50కి తగ్గదని నా అంచనా. ఆ ఫ్యూజు కాపాడవలసిన తీగ మాత్రం 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ, దాని మీద పది ఆంపియర్లకు మించి మోపడం మంచిది కాదు. అంటే ఫ్యూజు కరగడానికి చాలా ముందే గోడ మీది తీగ తొడుగు కరిగిపోతుంది.

ఫ్యూజు టీవీని కాపాడుతుందనీ, మనిషికి షాక్ కొట్టకుండా ఆపుతుందనీ మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తన వెనుక ఉన్న తీగను. కరెంటు దారిలో ఒక చోట కావాలనే అన్నిటికంటే బలహీనమైన ముక్కను పెట్టి, వేడెక్కితే ముందు అదే, అదీ పింగాణీ డొల్లలో, చుట్టూ అంటుకునేదేమీ లేని చోట కరగాలని ఏర్పాటు చేస్తారు. ఆ ముక్కను బలపరిస్తే బలహీనత ఎక్కడికీ పోదు, గోడలోకి మారుతుంది.

రెండో ఫ్యూజు న్యూట్రల్ తీగకు ఉంది. ఇంట్లోకి కరెంటు తెచ్చేది ఫేజు, అది తిరిగి పోయే దారి న్యూట్రల్. ఫేజుకూ న్యూట్రల్‌కూ రెండింటికీ ఫ్యూజులు పెట్టడం ఒకప్పటి అలవాటు. న్యూట్రల్ ఫ్యూజు ముందు కరిగితే ఇంట్లో దీపాలన్నీ ఆరిపోతాయి, కరెంటు లేదనుకుని మనం బోర్డులో చేయి పెడతాము, కానీ ఫేజు ప్రతి సాకెట్‌లోనూ అలాగే కాచుకుని ఉంటుంది. దాన్ని ఈ రోజే తీసేసి, న్యూట్రల్‌ను నేరుగా గట్టిగా బిగించాము. ఫేజు ఫ్యూజులో, మెయిన్ ఆపి, 0.35 మిల్లీమీటర్ల తగరం పూత రాగి తీగ ఒకే ఒక్కటి కట్టాము. అది పది ఆంపియర్లకు సరిపోతుంది. పని పూర్తయ్యేవరకూ హీటరు పెట్టవద్దని అమ్మకు చెప్పాను.

డిసెంబరు 29

ప్రీస్ లెక్కను కళ్లతో చూడాలనిపించింది. ఇంటి కరెంటుతో ఇలాంటి ఆటలు ఆడకూడదు కాబట్టి, జీపు బ్యాటరీని పెరట్లోకి తెచ్చి, 55 వాట్ల హాలోజన్ బల్బులు మూడింటిని పక్కపక్కనే కలిపి, మధ్యలో టేబుల్ ల్యాంపు తీగ నుంచి తీసిన ఒక్క పోగును జాన పొడవున రెండు మేకుల మధ్య కట్టాను. ఆ పోగు మందం 0.2 మిల్లీమీటర్లు, లెక్క ప్రకారం 7 ఆంపియర్ల పైచిలుకుకు కరగాలి.

ఒక బల్బుతో 4.6 ఆంపియర్లు పోయాయి. పోగు మీద పెట్టిన మైనపు ముక్క కరిగింది కానీ పోగుకు ఏమీ కాలేదు. రెండో బల్బు కలిపాక 9 ఆంపియర్లు దాటాయి. పోగు మధ్యభాగం ముందు రంగు మారి, తర్వాత ఎర్రబడి, నాలుగైదు సెకన్లలో తెగిపోయింది. మేకులకు దగ్గరగా ఉన్న చివరలు మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే ఆ వేడిని మేకులు లాగేసుకున్నాయి. పోగును రెండంగుళాలకు కుదించి కడితే అదే 9 ఆంపియర్లను చాలాసేపు మోసింది. ఫ్యూజు పొడవు కూడా దాని లెక్కలో భాగమేనని నాకు ఇంతకుముందు తెలియదు. రెండు పోగులు కలిపి కడితే మూడు బల్బులు వెలిగినా తెగలేదు.

ఇందులో గమనించవలసినది వేడి పెరిగే తీరు. కరెంటు రెట్టింపయితే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లు అవుతుంది, పదింతలైతే వంద రెట్లు. అందుకే ఫ్యూజు కొంచెం ఎక్కువ బరువును నిమిషాల తరబడి ఓర్చుకుంటుంది, షార్ట్ సర్క్యూట్ అయితే రెప్పపాటులో కరుగుతుంది. మోటరు మొదలయ్యే క్షణంలో లాగే అయిదారు రెట్ల కరెంటుకు ఫ్యూజు పోకుండా ఉండటానికి కారణం ఈ ఓర్పే.

డిసెంబరు 31

గది గదికీ తిరిగి ఏ స్విచ్‌కు ఏ తీగ పోతోందో పటం గీశాను. గోడల మీద చెక్క పట్టీలు, వాటిపై క్లిప్పులతో బిగించిన తీగలు. సగం ఇల్లు ఒకే ఫ్యూజు మీద నడుస్తోంది.

కమురు వాసన మూలం వంటింటి సాకెట్ వెనుక దొరికింది. అల్యూమినియం మెత్తటి లోహం. స్క్రూ కింద నలిగి, వేడెక్కి చల్లారే ప్రతిసారీ కొంచెం కొంచెంగా జారి, పట్టు వదులవుతుంది. పైగా గాలి తగిలిన చోట దాని మీద కరెంటును పోనివ్వని పొర ఏర్పడుతుంది. ఆ స్క్రూ దగ్గర నిరోధం 0.2 ఓమ్‌లు అనుకుందాం. 1500 వాట్ల హీటరు లాగే 6.5 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి ఎనిమిదిన్నర వాట్లు, అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో మూడో వంతు, ప్లాస్టిక్ సాకెట్ వీపు మీద రోజూ ఉదయం అరగంట. దీన్ని ఏ ఫ్యూజూ పట్టుకోలేదు. కరెంటు 6.5 ఆంపియర్లే కదా, ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. సరైన ఫ్యూజు తీగ ఉండి ఉన్నా ఈ సాకెట్ ఇలాగే మాడేది. ఇలాంటి చోట స్క్రూలు ఏడాదికొకసారి చూసి బిగించుకోవాలి.

ఫ్రిజ్ సాకెట్‌లో ఇంకా ఘోరం కనబడింది. ఎర్త్ తీగ లేనందువల్ల ఎవరో చిన్న తీగముక్కతో న్యూట్రల్ నుంచే ఎర్త్ పిన్నుకు కలిపేశారు. న్యూట్రల్ ఎక్కడో ఒక చోట తెగిందంటే, ఫేజు ఫ్రిజ్ లోపలి చుట్టల గుండా వచ్చి ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ తలుపుకే చేరుతుంది. ఆ ముక్కను అక్కడికక్కడే కత్తిరించాము.

జనవరి 3

దుకాణానికి వెళ్లే ముందు లెక్కలు. అన్న ఇప్పటికీ తీగలను 3/22, 7/20 అనే అడుగుతాడు. గేజి అంటే పోగు మందాన్ని చెప్పే అంకె. 3/22 అంటే 22 గేజి పోగులు మూడు, 7/20 అంటే 20 గేజి పోగులు ఏడు. లెక్క కడితే 1.2, 4.6 చదరపు మిల్లీమీటర్లు వస్తాయి. ఇప్పటి తీగల చుట్టల మీద 1, 1.5, 2.5, 4, 6 అని ఉంటాయి కాబట్టి మా ఇద్దరి మధ్య కాసేపు అనువాదం నడిచింది.

దీపాలు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 10 ఆంపియర్ల ఎంసీబీ, అంటే ఫ్యూజుకు బదులుగా పెట్టే, కరెంటు మించితే తానే పడిపోయే స్విచ్. సాకెట్లకు 2.5 తీగ, 16 ఆంపియర్లు. గీజరుకు, రేపెప్పుడో పెట్టబోయే ఏసీకి విడివిడిగా 4 తీగ, 20 ఆంపియర్లు. మీటరు నుంచి బోర్డు వరకు 6. ఎంసీబీ అంకెను సామాను చూసి కాకుండా తీగను చూసి ఎంచుకున్నాము. పైపులో నాలుగైదు తీగలు కలిసి పోతాయి, మా దగ్గర మే నెలలో గోడలు కూడా నిప్పుల్లా ఉంటాయి కాబట్టి దుకాణం పట్టికలో తీగ మోయగలదని రాసిన దానికి కొంత తగ్గించే పెట్టుకున్నాము.

బావి మోటరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. బోర్డు నుంచి బావి 40 మీటర్లు. పోను, రాను కలిపి 80 మీటర్ల తీగ. 2.5 తీగకు కిలోమీటరుకు దాదాపు 8 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కాబట్టి ఈ దారిలో 0.64 ఓమ్‌లు. ఒక హార్స్‌పవర్ మోటరు నడుస్తూ లాగే 7 ఆంపియర్లకు నాలుగున్నర వోల్టులు తగ్గితే ఎవరికీ తెలియదు. మొదలయ్యేటప్పుడు లాగే 35 ఆంపియర్లకు 22 వోల్టులు తగ్గుతాయి. ఎండాకాలం సాయంత్రాలు ఊళ్లో వోల్టేజీ ముందే 200 కిందకు దిగి ఉన్నప్పుడు మోటరు మూలుగుతూ తిరగకుండా నిలబడిపోయేది ఇందుకే. అక్కడికి 4 తీగ కొన్నాము. ఖర్చు చూసి అమ్మ పెదవి విరిచింది.

జనవరి 12

వారం రోజులుగా గాడి కొట్టడమే పని. కటింగ్ మిషన్ పెడితే ఇల్లంతా ఎర్రటి దుమ్ము. పైపులు పెట్టి, తీగలు లాగి, గాళ్లు పూడ్చాము. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. ఈ నియమాన్ని ఒక్క చోట కూడా తప్పలేదు. మేడమీద 2004లో వేసిన గదిలో రాగి తీగలే ఉన్నాయి, చూడటానికి బాగానే ఉన్నాయని వాటిని మార్చలేదు. రేపటి నుంచి పండుగ, అన్న కనుమ దాటాకే వస్తానన్నాడు.

జనవరి 18

ఎర్త్ గుంట. మా నేల పైన ఎర్రమట్టి, నాలుగడుగుల కింద మొరం, ఆ కింద రాయి. రెండున్నర మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) పైపును నిలబెట్టడానికి ఇద్దరు మనుషులకు ఒకటిన్నర రోజు పట్టింది. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, నీళ్లు పోయడానికి పైన చిన్న తొట్టి కట్టించాము.

మరుసటి రోజు ఎర్త్ టెస్టరు తెచ్చి కొలిచాము. పైపు నుంచి 30 మీటర్ల దూరంలో ఒక మేకు, దారిలో 18 మీటర్ల పైన ఇంకో మేకు భూమిలో దిగ్గొట్టి, చివరి మేకు గుండా కరెంటు పంపి, మధ్య మేకు దగ్గర వోల్టేజీ చూస్తారు. 38 ఓమ్‌లు చూపించింది. ఆరు మీటర్ల దూరంలో రెండో గుంట తవ్వి, రెండింటినీ జీఐ పట్టీతో కలిపితే 21కి దిగింది. ఇంతకంటే దించడం ఈ రాతినేలలో మా చేత కాలేదు.

ఆ అంకెతో రాత్రి లెక్క వేసి చూస్తే నిద్ర పట్టలేదు. గీజరు లోపల ఫేజు తీగ దాని లోహపు ఒంటికి తగిలిందనుకుందాం. ఎర్త్ ఉంది కదా, కరెంటు భూమిలోకి పోయి ఎంసీబీ పడిపోతుందనే కదా మన ధీమా. 230 వోల్టులను 21 ఓమ్‌లతో భాగిస్తే 11 ఆంపియర్లు. అవతల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం కూడా కలుపుకుంటే ఇంకా తక్కువ. 20 ఆంపియర్ల ఎంసీబీకి అది రోజూ వచ్చే కరెంటు కంటే తేడాగా కనిపించదు. అది జీవితకాలం పడదు, గీజరు ఒంట్లో ప్రమాదకరమైన వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. పాత ఇళ్లలో ఎర్త్ ఉండి కూడా షాక్ కొట్టి చనిపోయిన వారి గురించి విన్నప్పుడల్లా నాకు అర్థం కాని విషయం ఇదే.

ఇక్కడే ఆర్‌సీసీబీ అవసరమవుతుంది. దానికి కరెంటు ఎంత అన్నది పట్టదు. ఫేజులో పోయినదంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అన్నదే చూస్తుంది. రెండు తీగలూ ఒక ఇనుప వలయం గుండా పోతాయి. పోయినది, వచ్చినది సమానమైతే వలయంలో అయస్కాంత ప్రభావం శూన్యం. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిందంటే, అంటే ఆ మేరకు కరెంటు మరో దారిన భూమిలోకి పోతోందంటే, వలయం మీది సన్నటి చుట్టలో విద్యుత్తు పుట్టి స్విచ్‌ను విడిపిస్తుంది. 21 ఓమ్‌ల ఎర్త్‌కు 30 మిల్లీఆంపియర్లు పారితే గీజరు ఒంటి మీద నిలిచే వోల్టేజీ ఒక వోల్టు కూడా ఉండదు. మా లాంటి రాతినేలల్లో దీన్ని ఐచ్ఛికం అనుకోవడానికి వీల్లేదు. ఇది తీగను వేడి నుంచి కాపాడదు, ఎంసీబీ మనిషిని కాపాడదు. కాబట్టి రెండూ కావాలి. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవాడిని మాత్రం ఈ రెండూ కాపాడలేవు, ఎందుకంటే వాడు కూడా వాటికి ఒక బల్బు లాంటివాడే.

జనవరి 24

డిస్ట్రిబ్యూషన్ బోర్డు బిగించాము. గీజరులో లోపం వస్తే ఇల్లంతా చీకటి కాకూడదని దీపాలకు ఒక ఆర్‌సీసీబీ, సాకెట్లకు, గీజరుకు ఇంకొకటి పెట్టాము.

పాడైపోయిన ఒక ఎంసీబీని అన్న దగ్గర తీసుకుని కోసి చూశాను. లోపల రెండు వేరువేరు యంత్రాలు ఉన్నాయి. ఒకటి రెండు లోహాలను అతికించిన పట్టీ. కరెంటు ఎక్కువసేపు ఎక్కువగా పారితే వేడికి వంగి కొక్కెం తీస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల వరకు గంటసేపు ఊరుకుంటుంది, 23 దాటితే గంటలోపు పడాలి. రెండోది తీగ చుట్ట. షార్ట్ అయినప్పుడు అయస్కాంతమై సుత్తిలా కొడుతుంది. బి రకంలో ఎంసీబీ అంకెకు మూడు నుంచి అయిదు రెట్లకు, సి రకంలో అయిదు నుంచి పది రెట్లకు ఈ దెబ్బ పడుతుంది. మోటరుకు సి, దీపాలకు బి పెట్టాము. మిగతా చోటంతా పలుచటి ఇనుప రేకుల వరుస. కరెంటు దారి తెరుచుకునే క్షణంలో ఆ ఖాళీలో పుట్టే మెరుపును ముక్కలు చేసి చల్లార్చడం వాటి పని. అరచేతిలో పట్టే డబ్బాలో సగం స్థలాన్ని ఆ మెరుపుకే కేటాయించడం నాకు బాగా నచ్చింది.

జనవరి 29

మూడు రోజులు తల తిన్న లోపం దొరికింది. 26న కరెంటు ఇచ్చాము. పగలంతా బాగుంది, సాయంత్రం ఆరున్నరకు దీపాల ఆర్‌సీసీబీ పడిపోయింది. ఎత్తితే నిలిచింది, కాసేపటికి మళ్లీ పడింది. మరుసటి సాయంత్రం అదే వేళకు ఈసారి సాకెట్లది పడింది. గీజరు మీద అనుమానంతో దాన్ని విప్పి పక్కన పెట్టాము, పాపం దాని తప్పేమీ లేదు. మంచుకు బయటి బోర్డు తడుస్తోందేమోనని ప్లాస్టిక్ సంచి కట్టాము. ఆర్‌సీసీబీలే మంచివి కావేమోనని అన్న గొణిగాడు.

28న దీపాల వేళ నేను బోర్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తూ మెట్ల దగ్గరి లైటు వేసింది. టక్కుమని పడింది.

మేడమీది పాత తీగలే కారణం. మెట్ల దీపానికి ఫేజు కింది దీపాల సర్క్యూట్ నుంచి వస్తోంది. న్యూట్రల్‌ను మాత్రం 2004లో ఎవరో తీగ కలిసివస్తుందని మేడగది సాకెట్ నుంచి తీసుకున్నారు. దాంతో ఆ దీపం కరెంటు ఒక ఆర్‌సీసీబీ గుండా పోయి ఇంకో ఆర్‌సీసీబీ గుండా తిరిగి వస్తోంది. పోయిన కరెంటు తన దగ్గరికి తిరిగి రాలేదని దీపాల ఆర్‌సీసీబీ, తన నుంచి పోని కరెంటు తన దగ్గరికి వస్తోందని సాకెట్ల ఆర్‌సీసీబీ, రెండూ ఫిర్యాదు చేస్తున్నాయి. ఏది ముందు పడితే ఆ రోజుకు దానిదే నేరం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు 230 వోల్టుల దగ్గర కనీసం 39 మిల్లీఆంపియర్లు కావాలి, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికి వచ్చే వాటా) తక్కువ కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే లాగుతుంది. 30 దాటడానికి అది చాలు.

పాత ఫ్యూజులు ఈ తప్పును ఇరవై ఏళ్లు మోశాయి, ఎవరికీ చెప్పలేదు. సాకెట్ల ఫ్యూజు పీకి మేడగదిలో పని చేస్తున్న మనిషికి, కింద మెట్ల స్విచ్ వేసి ఉంటే, విప్పిన న్యూట్రల్ తీగలో బల్బు గుండా ఫేజు వచ్చి తగిలేది. ఈ రోజు దీపాల సర్క్యూట్ నుంచే మెట్ల వరకు కొత్త న్యూట్రల్ లాగాము. జనవరి 12న "చూడటానికి బాగానే ఉన్నాయి" అని రాసిన వాక్యాన్ని కొట్టివేయకుండా అలాగే ఉంచుతున్నాను.

ఫిబ్రవరి 8

ఇల్లు ఒక కొలిక్కి రావడంతో జీపు పట్టాను. హెడ్‌లైట్ల ఫ్యూజు తరచుగా పోతోందని 15 ఆంపియర్ల నీలం బ్లేడ్ ఫ్యూజు తీసి, 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టి ఉంది. అయిదు పోగుల కథే, రంగు మారింది. ఈ బ్లేడ్ ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

ఇంట్లో కరెంటు తిరిగి రావడానికి న్యూట్రల్ తీగ ఉంటుంది. బండిలో ఆ పని ఇనుప బాడీయే చేస్తుంది. బ్యాటరీ మైనస్ బాడీకి బిగించి ఉంటుంది. సగం తీగ మిగులుతుంది కానీ, బండిలో ఏ తీగ తొడుగు ఎక్కడ అరిగినా అది తాకేది బాడీనే కాబట్టి ప్రతి గీతా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఇంజను గది నుంచి లోపలికి తీగలు వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు బుష్ ఊడిపోయి, రేకు అంచు తీగను కొరికేసింది. గతుకుల్లో మాత్రమే తగులుతుంది, అందుకే ఇంటి దగ్గర ఎప్పుడూ దొరకలేదు. తీగ మార్చి, బుష్ పెట్టి, నీలం ఫ్యూజుకు తిరిగి వచ్చాము.

పనిలో పనిగా 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు బిగించాను. ఇంట్లో 110 వాట్లంటే అర ఆంపియరు. 12 వోల్టుల దగ్గర అవే 110 వాట్లకు 9 ఆంపియర్లు దాటుతాయి, ఇంజను నడుస్తుంటే పది. డబ్బాలో వచ్చిన తీగ 0.75 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకు దాని నిరోధం 0.1 ఓమ్, అంటే దారిలోనే ఒక వోల్టు పోతుంది. 230లో ఒక వోల్టు లెక్కలోకి రాదు కానీ, 12లో ఒక వోల్టు తగ్గితే హాలోజన్ వెలుతురు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఆ తీగను పక్కన పడేసి, ఇంటి పనిలో మిగిలిన 2.5 తీగను వాడాను. డ్యాష్‌బోర్డు స్విచ్ రిలే చుట్టను మాత్రమే నడుపుతుంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్. పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి రిలే మీదుగా నేరుగా దీపాలకు పోతుంది. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాను, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగకు కాపలా ఎవరూ ఉండరు.

ఆ ఫ్యూజుల మీద 32 వోల్టులు అని ఉంటుంది. దుకాణంలో ఒకాయన ఇవి ఇంట్లో కూడా పనిచేస్తాయని చెబుతున్నాడు, దయచేసి వినవద్దు. అలాగే ఇంటి ఎంసీబీని బ్యాటరీలకు, సోలార్ పలకలకు పెట్టకూడదు. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు చేరుతుంది కాబట్టి తెరుచుకున్న ఖాళీలో పుట్టిన మెరుపు తనంత తానే ఆరే అవకాశం ఉంటుంది; డీసీకి ఆ సున్నా ఉండదు, మెరుపు అలాగే మండుతూ ఉండగలదు.

ఫిబ్రవరి 15

సామానంతా, ఎల్‌ఈడీ బల్బులతో సహా, విప్పి, తొడుగు నిరోధాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రతి సర్క్యూట్‌నూ పరీక్షించాము. ఒక మెగాఓమ్ కంటే తక్కువ రాకూడదు. కింద ఏదీ 40కి తగ్గలేదు, మేడగది మాత్రం 6 చూపించింది. వచ్చే ఏడాది దాన్ని కూడా మారుస్తాను. ఇన్వర్టరు నుంచి వచ్చే ఫేజుకు తోడుగా న్యూట్రల్‌ను దీపాల ఆర్‌సీసీబీ పట్టీకే కలిపాము, జనవరి 29 పాఠం చాలు. ఇన్వర్టరు నిండు బరువు మీద 12 వోల్టుల బ్యాటరీ నుంచి 70 ఆంపియర్ల వరకు లాగుతుంది కాబట్టి ఆ మందపాటి తీగకు కూడా బ్యాటరీ పక్కనే డీసీ ఫ్యూజు పెట్టాము.

నెలకొకసారి ఆర్‌సీసీబీ టెస్ట్ మీట నొక్కమని అమ్మకు చూపించాను. ప్రతి అమావాస్యకు నొక్కుతానంది. మరచిపోకుండా ఉండటానికి అంతకంటే మంచి గుర్తు నాకు తోచలేదు.

ఏప్రిల్ 27

ఎండలు ముదిరాయి. ఎర్త్ టెస్టరు మళ్లీ తెచ్చి కొలిస్తే 21 ఓమ్‌లు 31 అయ్యాయి. మట్టి ఎండిపోయింది. తొట్టిలో నాలుగు బిందెల నీళ్లు పోసి, రెండు రోజుల తర్వాత చూస్తే 24 వచ్చింది. 31 ఉన్నా ఆర్‌సీసీబీకి ఇబ్బంది లేదు కానీ, వంటింటి కడుగు నీళ్లు ఆ తొట్టిలోకి పోయేలా చిన్న కాలువ తీయిస్తున్నాను. పాత కిట్‌క్యాట్ ఫ్యూజు, దానిలోని అయిదు పోగులతో సహా, డిస్ట్రిబ్యూషన్ బోర్డు పక్కన మేకుకు వేలాడదీశాను. ఎవరైనా ఇదేమిటని అడిగితే అమ్మే చెబుతోంది.